ముప్పై ఆరేళ్ల ముసలమ్మ

1988లో ఓ సోమవారం పొద్దున్నే సమ్మమ్మ నర్సంపేట పక్క పల్లెలో బస్సెక్కింది. హనుమకొండలో వృద్ధాప్య పింఛను తీసుకోవాలి, కళ్లలో వేసుకునే చుక్కల మందు కొనుక్కోవాలి, మధ్యాహ్నం బస్సుకు తిరిగి రావాలి. నెలనెలా ఆ పింఛను వస్తున్నంతకాలం ఆమెకు కోడలి ముందు చెయ్యి చాపే పని లేదు. ఆమె పరువంతా అందులోనే ఉంది.

ఆఫీసులో కొత్తగా కంప్యూటర్ పెట్టారు. పేదలకు పింఛను ఆలస్యం కాకూడదని సర్కారు ఉద్దేశం, మంచిదే. దానికో ఏసీ గది, గదికో తెర. లోపలికి వెళ్లేవాళ్లు చెప్పులు విడుస్తుంటే సమ్మమ్మ కూడా విడిచి, ఎందుకైనా మంచిదని ఓ దండం పెట్టింది.

కంప్యూటర్ నడిపే సారంగపాణి జాబితా చూసి, ఆమె పేరు కొట్టేసి ఉందన్నాడు. అరవై ఐదు నిండితేగాని పింఛను రాదు. ఆమెకేమో ముప్పై ఆరే.

"నా కొడుక్కే నలభై ఎనిమిదున్నయి సారూ," అంది సమ్మమ్మ.

సారంగపాణి మంచివాడు. తప్పు దిద్దుతానన్నాడు. దిద్దకపోయినా బాగుండేది. తల్లికంటే కొడుకు పెద్దవాడంటే కంప్యూటర్ ఒప్పుకోదు. తల్లి వయసు స్వయంగా తానే ఊరికెళ్లి అడిగి రాసుకొచ్చాడు కనుక అందులో తప్పుండదని అతని ధీమా. కాబట్టి కొడుకు కొమురెల్లిని పద్దెనిమిదేళ్లకు దించాడు.

నెల తిరగకుండా కొమురెల్లికి నోటీసు వచ్చింది. ఇరవై ఒకటి నిండకుండా పెళ్లెందుకు చేసుకున్నావో సంజాయిషీ చెప్పమని అడిగారు. మనవణ్ణి ఆడిస్తున్నవాడు బిత్తరపోయి, తల్లిని వెంటబెట్టుకుని ఆఫీసుకు పరుగెత్తాడు. అప్పట్నుంచీ చుక్కల మందుకు కోడల్ని అడగాల్సి వచ్చిన సమ్మమ్మకు కడుపు మండిపోతోంది.

"ముప్పై ఆరని నీకెవలు చెప్పిండ్లు సారూ?"

"నువ్వే చెప్పావు కదమ్మా."

"అవి ఏండ్లు కాదు, జాతరలు. ముప్పై ఆరు మేడారం జాతరలు చూసిన. పుట్టిన ఏడే మా అమ్మ సంకలేసుకుని పోయింది."

మేడారం జాతర రెండేళ్లకోసారి వస్తుంది. పట్నం నుంచి వచ్చిన సారంగపాణికి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు, అతనూ అడగలేదు. ఆ చుట్టుపక్కల ముసలివాళ్లు చాలామంది అదే లెక్క చెప్పారని అప్పుడు గుర్తుకొచ్చి అతనికి చెమటలు పట్టాయి. ఒక్కొక్కరిని దిద్దుతూ కూర్చుంటే ఏడాది పడుతుంది. అందుకని వయసులన్నీ రెండింతలు చెయ్యమని కంప్యూటర్‌కు ఒకే ఒక్క ఆజ్ఞ ఇచ్చాడు. ఏ జాబితాలోవో చెప్పడం మరిచాడు.

పై నెల సమ్మమ్మకు డెబ్బై రెండేళ్లు వచ్చాయి, వాటితో పింఛనూ వచ్చింది. కొమురెల్లికి ముప్పై ఆరు పడ్డాయి. పన్నెండేళ్లు మిగిలాయని అతను మళ్లీ దిద్దమని అడగలేదు.

డబ్బులు కొంగున ముడేసుకుని బయటికొచ్చిన సమ్మమ్మకు, బెంచీ మీద కాగితం పట్టుకుని కూలబడ్డ సారంగపాణి కనిపించాడు. ఏమైందని అడిగింది. ఆఫీసు సిబ్బంది జాబితా కూడా అదే కంప్యూటర్‌లో ఉందట. ఇరవై తొమ్మిదేళ్ల తనకు యాభై ఎనిమిది నిండాయని రిటైర్ చేశారట. దిద్దమని అడిగితే, కంప్యూటర్ నడిపేవాడు రిటైరయ్యాడు, కొత్తవాడు వచ్చేదాకా ఆగమన్నారట.

సమ్మమ్మకు నిజంగానే జాలేసింది. పక్కన కూర్చుని వీపు నిమిరింది.

"జర ధైర్యంగుండు బిడ్డా. ఇగ నీక్కూడ నెలనెలా అస్తది."

ఆ కాగితంలో సారంగపాణి సుదీర్ఘ సేవలను ఎంతో కొనియాడారు. అతను ఉద్యోగంలో చేరి ఐదు నెలలైంది.