ఊపిరాడని జామపళ్ళు

పెరట్లో జామచెట్టు విరగకాసింది. కోసినవి పక్కిళ్ళకు పంచుదామని భార్య అంటే తూనికల ఇన్‌స్పెక్టరు గారు ససేమిరా అన్నారు. పది రోజుల్లో అక్క వస్తోంది. చిన్నప్పటినుంచీ ఆవిడ లెక్కలో ఆయన ఒట్టి వెర్రిబాగులవాడు. ఈసారైనా ఆవిడ నోట పనిమంతుడు అనిపించుకోవాలని ఆయన పంతం.

కలబంద గుజ్జు పూస్తే పళ్ళు చెడవని ఆయన ఎక్కడో చదివారు. భార్య జుట్టుకోసం ప్రాణంగా పెంచుకుంటున్న నాలుగు కలబంద కుండీలూ పది నిమిషాల్లో బోడిగుండ్లయ్యాయి.

"పల్చగా రాయాలేమోనండీ" అంది ఆవిడ.

"చదివింది నువ్వా, నేనా?"

ఆవిడ ఊరుకుందంటే ప్రమాదమని పాతికేళ్ళ కాపురంలో ఆయన కనిపెట్టలేకపోయారు.

ఊళ్ళో తూకాలన్నీ సరిచూసే మనిషి ఇంట్లో కొలతే మరిచారు. ఒక పూత ఆరకముందే రెండోది, మనసొప్పక మూడోది. పళ్ళు చేతిలోంచి జారి మంచం కిందికి దొర్లాయి. ఆయన బోర్లా పడుకుని, చీపురుతో ఒక్కొక్కటే లాగి, దుమ్ముతో సహా నాలుగో పూత వేశారు.

అక్క వచ్చింది. పళ్ళెంలో పళ్ళు నిగనిగలాడుతున్నాయి. ఇన్‌స్పెక్టరు గారు కాలరు సర్దుకుని ఒకటి కోశారు. గుప్పున సారా వాసన కొట్టింది. గాలాడక పండు లోపలే పులిసిపోయింది. అక్క చూసిన చూపుకి ఆయన మళ్ళీ నిక్కరేసుకున్న కుర్రాడైపోయారు. పాపం, నిజంగానే కళ్ళు చెమర్చాయి.

అప్పుడు భార్య వంటింట్లోంచి ఇంకో పళ్ళెం తెచ్చింది. మిగిలిపోయిన గుజ్జుని ఆవిడ గుట్టుగా, పల్చగా పూసి దాచిన డజను పళ్ళవి. కోస్తే కరకరలాడాయి.

"ఆ పళ్ళెం పొరపాటున పెట్టాను వదినా. మీ తమ్ముడు పూసినవి ఇవే. పండుకీ ఊపిరాడాలట, ఆయనే చెప్పారు."

అక్క రెండు పళ్ళు తిని తమ్ముడి వీపు తట్టింది. "ఒరే, నువ్వింత పనిమంతుడివని నాకు తెలీనే తెలీదురా."

ఆయన ఉబ్బి తబ్బిబ్బయ్యారు. కాదని చెప్పడానికి నోరెలా వస్తుంది? చాలా కష్టపడ్డానని కూడా అన్నారు.

"అయితే నాతో వచ్చెయ్. మా తోటలో మూడొందల జామచెట్లు కోతకొచ్చాయి. ఆ పళ్ళన్నిటికీ నువ్వే పూయాలి."

నిజం చెబితే పరువు పోతుంది, చెప్పకపోతే నడుం పోతుంది. సెలవు దొరకదేమోనని ఆయన నసిగారు.

"దొరికిందండీ" అంది భార్య. "పనికి మనుషుల్లేరని వదిన నిన్న ఫోన్లో బాధపడ్డారు. పొద్దున్నే మీ ఆఫీసరుతో మాట్లాడి పది రోజులు ఇప్పించాను. బట్టలు కూడా సర్దేశాను."

పనిమంతుడు చెప్పులు వేసుకున్నారు.