బాణం కనబడని ఆఫీసు

కంప్యూటరు తెరమీద మౌస్ బాణం గుర్తు కనబడకపోవడం లోపం కాదనీ, సిబ్బంది ఏకాగ్రత పెంచేందుకు యాజమాన్యం కల్పించిన సదుపాయమనీ ఆఫీసు గోడకు నోటీసు అంటించారు. అందరూ చదివి సంతోషించారు.

అక్కడ జనానికిచ్చే కార్డుల కోసం వాళ్ల పేర్లూ వయసులూ చిరునామాలూ కంప్యూటరులోకి ఎక్కిస్తారు. ఎదురుగా ఉన్నదాంట్లోకి కాదు సుమండీ, ఎక్కడో దూరాన కూర్చున్న పెద్ద కంప్యూటరులోకి. దాని బొమ్మ మాత్రం వీళ్ల తెరమీద పడుతుంది. బొమ్మ వెంట రావలసిన బాణం దారిలోనే ఆగిపోతుంది. వచ్చిన రోజున తెల్ల తెరమీద తెల్లగా నిలబడుతుంది.

అందుకని అందరూ పొద్దుననగా మొదలుపెట్టి, గచ్చు తోమినట్టు మౌస్‌ను గుండ్రంగా తిప్పుతూ దాన్ని వెతుకుతారు. అందరికంటే జోరుగా తిప్పేవాణ్ని హడావుడి అంటారు. బాణం ఎక్కడుందో తెలియక, తోచిన గడిలో తోచింది కొట్టేస్తాడు. అతని చలవ వల్ల ఒక పెద్దాయన మూడంతస్తులకు ఎదిగాడు, ఒక వీధికి కవలలు పుట్టారు.

నిదానమ్మ అని పిలిపించుకునే ఆవిడ మాత్రం మౌస్ జోలికే పోదు. ట్యాబ్ కీ నొక్కుకుంటూ గడి నుంచి గడికి నడిచిపోతుంది. ఒక్క తప్పు ఉండదు. ఆ నెలలో ఉద్యోగం పర్మనెంటు కావాలి. ఇంటిల్లిపాదికీ ఆవిడ జీతమే ఆధారం.

అంతలో యాజమాన్యం, ఎవరి మౌస్ ఎంత దూరం తిరిగిందో చూసి శ్రమను కొలిచే పద్ధతి పెట్టింది. మేనేజరు నిదానమ్మను పిలిచాడు.

"ఏమ్మా, రోజంతా నిద్రపోతున్నావా? నీ మౌస్ కదల్లేదే!"

"పని చేస్తున్నానండీ. ఒక్క తప్పు కూడా లేదు, చూడండి."

"పని చేస్తేగా తప్పులుండటానికి! హడావుడిని చూడు, మణికట్టు అరిగిపోతోంది పాపం. ఇలాగే ఉంటే ఇంట్లో కూర్చుందువుగాని."

కళ్లు తుడుచుకుంటూ వచ్చిన ఆవిడకు హడావుడే ధైర్యం చెప్పాడు.

"దీనికా అక్కా ఏడుపు? కళ్లు మూసుకుని తిప్పెయ్. ఖర్మకాలి బాణం కనబడిందనుకో, చూడనట్టు ఊరుకో."

నిదానమ్మ తిప్పింది. మౌస్ తిప్పడంలో హడావుడిని మించిపోయింది. సభ పెట్టి శాలువా కప్పారు. "ఈమె వెతుకులాట మన సంస్థకు వెలుగుబాట!" అన్నాడు మేనేజరు. ఉద్యోగం పర్మనెంటయింది.

తరువాత ఒక మెకానిక్ వచ్చి బాణాన్ని నల్లగా, లావుగా కనబడేలా చేశాడు. మౌసులన్నీ ఆగిపోయాయి. సిబ్బంది మొత్తం సోమరులయ్యారని యాజమాన్యం హడలిపోయి, ఆ సాయంత్రమే మెకానిక్‌ను గెంటేసి పాత సదుపాయం పునరుద్ధరించింది.

కాబట్టి మీ కార్డులో వయసు ఉండవలసిన చోట ఇంటి నంబరు పడిందని కేకలు వేయకండి. అది కష్టపడి ఎక్కించిన మనిషి చేతిపని. మీ కార్డులో అన్నీ సరిగ్గా ఉన్నాయంటారా? అయ్యో పాపం, అది ఎక్కించినవాళ్లను ఈపాటికి పనిలోంచి తీసేసి ఉంటారు.