వంకర ఇంజను

పళ్ళ డాక్టరు పొద్దున్నే లేచి హాల్లో గోడకు మేకు కొట్టాడు. పాతకాలపు రైలింజన్ల పోస్టుకార్డులు పోగుచేయడం ఆయన పిచ్చి. రెండు చివర్లా మొహాలుండి, మధ్యలో డ్రైవరు నిలబడే ఇంజను కార్డు కోసం కళ్ళు కాయలు కాచాయి. అది గడియారాలు బాగుచేసే పెద్దాయన దగ్గరుంది. డాక్టరు దగ్గరున్న కొండ ఇంజను కార్డు ఇస్తే తనది ఇస్తానని ఆయన ఎట్టకేలకు ఒప్పుకున్నాడు. సాయంత్రం పెద్దాయన రాగానే కంటబడాలని డాక్టరు ఆ కొండ ఇంజను కార్డును ఫ్రేములో పెట్టి తగిలించి క్లినిక్కి వెళ్ళాడు.

ఇంట్లో ఉన్న ఆయన అత్తగారికి ఆ బొమ్మ వంకరగా కనబడింది. నిజానికి వంకర ఇంజనుదే. కొండెక్కేటప్పుడు బాయిలర్లో నీళ్ళన్నీ వెనక్కి పోకుండా దాన్ని ముందుకు వాల్చి కట్టారు. కొండమీద సమంగా ఉంటుంది, నేలమీద మాత్రం ముక్కు నేలకు రాసుకుంటున్నట్టుంటుంది. ఆ ఇంట్లో ఈ సంగతి తెలిసిన ఒకే ఒక్క మనిషి అప్పుడు ఎవరి పన్నో పీకుతున్నాడు.

ఆవిడ ఫ్రేము కదిపింది. ఇంజను చక్కబడింది గానీ ఫ్రేము ఒరిగింది. అటూ ఇటూ తిప్పి చూసి, తప్పు గోడదేనని తేల్చుకుని, పక్కింట్లో పనిచేస్తున్న తాపీమేస్త్రీని పిలిచింది.

"ఈ గోడ ఒరిగింది, చూడు."

"ఒరిగిందంటారా అమ్మా?"

"కళ్ళకి కనబడట్లా? కాస్త చెక్కి సరిచెయ్యి."

పని ఇచ్చేవాళ్ళతో వాదించే అలవాటు మేస్త్రీకి లేదు. ఫ్రేము తీసి బల్లమీద పెట్టి ఉలి వేశాడు. నాలుగు దెబ్బలకు గోడలోని నీళ్ళ గొట్టం పగిలింది. నీళ్ళు సరిగ్గా బల్లమీదకే చిమ్మాయి.

డాక్టరు వచ్చేసరికి కార్డు ఉబ్బిపోయి, ఇంజను నలుపంతా బొమ్మలోని ఆకాశంలోకి పారింది. ఆయనకు ఏడుపొక్కటే తక్కువ.

"ఏంటత్తయ్యా ఇది?"

"నీ బొమ్మ కోసమే బాబూ, గోడ సరిచేయిస్తున్నా."

ఇంతలో గడియారాల పెద్దాయన గుమ్మంలో ప్రత్యక్షమయ్యాడు. డాక్టరు గబగబా కార్డును కవర్లో దూర్చి అంటించేశాడు. పెద్దాయన చేతిలోనూ అంటించిన కవరే ఉంది.

"విప్పి చూసుకోరా?" అన్నాడు డాక్టరు.

"మన మధ్య ఆ మాటెందుకండీ. మీరు చూస్తారా?"

"అబ్బే, నమ్మకం మీద నడిచే వ్యాపకం మనది."

కవర్లు మార్చుకుని పెద్దాయన కూర్చోకుండానే వెళ్ళిపోయాడు. తప్పు చేశానని కుమిలిపోతూనే డాక్టరు కవరు విప్పాడు. లోపల కార్డు రెండు ముక్కలుగా ఉంది. మధ్యలో డ్రైవరు కూడా నిలువునా రెండయ్యాడు.

తల ఎత్తేసరికి పెద్దాయన తడి కార్డు పట్టుకుని మళ్ళీ గుమ్మంలో ఉన్నాడు.

"మా కోడలండీ," అన్నాడు నేల చూపులు చూస్తూ. "రెండు రైళ్ళు గుద్దుకున్న బొమ్మ ఇంట్లో ఎందుకని కత్తిరించి విడదీసింది."

"మాది మా అత్తయ్య," అన్నాడు డాక్టరు.

"దొందూ దొందే," అంది అత్తగారు.

మేస్త్రీ గొట్టం అతికించి, పోయేముందు దారం గుండు వేలాడదీసి గోడ నిలువు చూశాడు. గోడ మొదటినుంచీ నిటారుగానే ఉంది.