నావల మీద నాయకత్వం

ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక జారీ చేసిన పూటే నియోజకవర్గ ఇన్‌ఛార్జి విశ్వనాథరాజుగారు ఒక చరిత్రాత్మక ప్రకటన చేశారు.

"వరదొస్తే పరిగెత్తేవాడు మామూలు మనిషి. సభ పెట్టేవాడు లీడర్. సాయంత్రం రేవులో 'సంక్షోభంలో టీమ్‌ని నడిపించడం ఎలా' అన్న టాపిక్ మీద మాట్లాడతాను."

ఆయన టీమ్‌లో శ్యాంబాబుది మైకు పట్టుకునే పదవి. ఏళ్ళ తరబడి వెనకాల తిరిగితే దక్కింది. మామూలు రోజైతే ఆ ప్రకటనకి అతడే ముందు చప్పట్లు కొట్టేవాడు. కానీ గోదావరి పాయకి అవతల లంక ఊళ్ళో అతడి అక్క రత్నమాణిక్యం బిడ్డతోనూ అత్తమామలతోనూ డాబా ఎక్కి కూర్చుంది. అక్కడ నీళ్ళు కిటికీలు దాటాయి.

"అయ్యా, రేవులో ఉన్నవి రెండే నావలండి. ఒకటి పంపిస్తే మా అక్కావాళ్ళని తెచ్చేసుకుంటామండి."

"చూడు శ్యాంబాబూ, ముందు మనల్ని మనం నడిపించుకోవాలి, తర్వాత టీమ్‌ని, ఆ తర్వాత ప్రజల్ని. నువ్వేమో చివర్నించి మొదలెడుతున్నావు."

"ఆయ్, చిత్తమండి."

రేవంతా బురద, వేదిక వేయడానికి చోటు లేదు. రాజుగారి బుర్ర అమోఘం కనుక తెప్పోత్సవానికి చేసినట్టు రెండు నావల్నీ జోడించి కట్టించి, పైన బల్లలు పరిపించారు. ఫ్లెక్సీ లేచింది. అందులో రాజుగారు ఏనుగంత, గోదావరి పిల్లకాలువంత. పులిహోర పొట్లాలు దిగాయి. ఒక్కటే లోటు. వేదికకి రెండు పక్కలా శుభానికి కట్టే అరటి బోదెలు లేవు. ఇవతల తోటలన్నీ మునిగాయి. ఆ బాధ్యత శ్యాంబాబుది కనుక చీవాట్లూ అతడికే దక్కాయి.

"జనం ఏరయ్యా?" అన్నారు రాజుగారు వేదికెక్కి.

"అవతల డాబాల మీద ఉన్నారండి."

"తీసుకురండి మరి."

"నావలు మీ కాళ్ళ కింద ఉన్నాయండి."

రాజుగారు కిందికి చూసుకున్నారు. "సరేలే, వీడియోలో కలిపేద్దాం," అని టీమ్ సభ్యులకే శాలువాలు కప్పారు. శ్యాంబాబుకి 'సంక్షోభ వీరుడు' అన్న బిరుదు కూడా వచ్చింది. అతడికి సిగ్గేసింది. అయినా శాలువా తీయలేదు.

ఉపన్యాసం ఊపందుకున్న వేళకి పాయ మీద ఒక తెప్ప కనిపించింది. అరటి బోదెలు వరసగా పేర్చి, చీరలు చింపి కట్టిన తెప్ప. పొరుగింటి జీవరాజు గెడ వేస్తున్నాడు. రత్నమాణిక్యం బిడ్డని చంకనేసుకుని దిగింది. తమ్ముణ్ణీ, శాలువానీ, వేదిక కింది నావల్నీ చూసింది.

"నావలు దొరకలేదేమో అనుకున్నాంరా," అంది.

శ్యాంబాబు మైకు పక్కన పెట్టి వేదిక దిగాడు.

"బిడ్డని పట్టుకో. అత్తయ్యా మావయ్యా ఇంకా అక్కడే ఉన్నారు, నీళ్ళు మెట్లెక్కేస్తున్నాయి. తెప్ప మళ్ళీ వెళ్ళాలి," అంటూ బిడ్డని తమ్ముడి చేతుల్లో పెట్టింది.

రాజుగారు తెప్ప వంక చూశారు. ఆయన ముఖం విప్పారింది.

"పొద్దుట్నుంచీ ఈ బోదెల కోసమే కదయ్యా వెతుకుతున్నాం. అటు నాలుగు, ఇటు నాలుగు కట్టించు."

"రాజుగారూ, ఇది తెప్పండి," అన్నాడు జీవరాజు, గెడ వదలకుండా.

"సభకి వచ్చింది కదా, ఇక సభదే."

శ్యాంబాబు బిడ్డని అక్క చేతుల్లో పెట్టేశాడు. శాలువా తడవకుండా భుజం మీదికి మడుచుకుని, మొదటి ముడి విప్పడానికి వంగాడు. అక్క చీర చింపి వేసిన ఆ ముడి తడిసి బిగుసుకుపోయింది.

"ఎవరన్నా ఓ కత్తి అందించండి," అన్నాడు టీమ్‌తో.