ఆటగాళ్ళ బారి నుంచి లాక్రాస్‌ను కాపాడిన ఎనభై నాలుగు పేజీలు

ఏ ఆటనైనా పాడుచేసేది ఆటగాళ్ళే. ఈ మాట ఊరికే అనడం లేదు. ఒక సీజన్ మొత్తం దగ్గరుండి నడిపించిన అనుభవంతో అంటున్నాను.

మా ఔత్సాహిక లాక్రాస్ లీగులో ఈ ఏడాది ఆరు జట్లు, పదిహేను మ్యాచ్‌లు. ఒక్కరికీ దెబ్బ తగల్లేదు. ఒక్క కిటికీ అద్దం పగల్లేదు. రిఫరీ మీద ఒక్కరూ గొంతు పెంచలేదు. ఇంత క్రమశిక్షణ ఎలా సాధ్యమైందంటారా? పదిహేనింటిలో పదకొండు మ్యాచ్‌లు అసలు జరగనే లేదు!

మిగతా నాలుగూ ఎలా జరిగిపోయాయో విచారిస్తున్నాం.

లాక్రాస్ తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. పొడవాటి కర్ర, దాని కొసన చిన్న వల. ఆ వలతో గట్టి రబ్బరు బంతిని అందుకోవాలి, పరిగెత్తాలి, తోటివాళ్ళకు విసరాలి, చివరికి అవతలివాళ్ళ గోల్‌లో వేయాలి. చూడ్డానికి సులువుగానే ఉంటుంది. మొదటిసారి కర్ర పట్టినవాడి వలలో ఎండుటాకులు పడతాయి, పురుగులు పడతాయి, ఎదుటివాడి టోపీ కూడా పడుతుంది. బంతి మాత్రం పడదు.

నేను ఈ లీగు నియమావళి ఉపసంఘానికి కన్వీనర్ని. ఉద్యోగం బీమా ఆఫీసులో. పాలసీ కాగితం వెనకవైపు చీమల బారులాంటి అక్షరాల్లో షరతులుంటాయి చూశారా, అవి రాసేది నేనే. మీరెవరూ వాటిని చదవరని నాకు తెలుసు. కోపం లేదు. అవసరం పడిన రోజున చదువుతారు, అప్పటికి ఆలస్యమైపోయి ఉంటుంది. నియమానికి ఉన్న అందమంతా అక్కడే ఉంది!

మూడేళ్ళ కిందట లీగు మొదలైనప్పుడు మా నియమాలన్నీ అరకాగితం మీద సరిపోయేవి. రాసింది మా అక్క. అక్క కళ్ళద్దాల షాపులో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగిస్తుంది. ఆదివారాలు హెల్మెట్ పెట్టుకుని ఒక జట్టుకు గోల్‌కీపర్‌గా నిలబడుతుంది. ఏభై రెండేళ్ళు వచ్చినా, మీదికొచ్చే బంతిని చూసి కళ్ళు మూసుకోని మనిషి మా లీగులో ఆవిడొక్కతే.

ఆ అరకాగితం మైదానం పక్కనున్న రేకుల షెడ్డు తలుపుకు అంటించి ఉండేది. ఏడింటికి రావాలి. కర్రతో మనిషిని కొట్టకూడదు. బంతి పారేసినవాళ్ళే వెతకాలి. ఎవరైనా పడితే ఆగి లేపాలి. అయ్యాక అందరూ కలిసి టీ తాగాలి. అంతే!

ఇదీ ఒక నియమావళేనా? నిర్వచనాలేవి? ఉపనిబంధనలేవి? మనిషి అంటే ఎవరో ఎక్కడైనా చెప్పారా? ఆ రెండు సీజన్లూ ఒక్క మ్యాచ్ తప్పకుండా జరిగిపోయాయంటే అది వట్టి అదృష్టం. అదృష్టాన్ని నమ్ముకుని ఎవరైనా లీగు నడుపుతారా?

రెండో సీజన్ చివర్లో ఒక ఆదివారం బస్సు డ్రైవర్ జట్టు ఇరవై నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. డ్రైవర్ అంటే నిజంగానే సిటీ బస్సు నడిపేవాడు, ఆ జట్టుకు కెప్టెన్. దారిలో రోడ్డు తవ్వేశారట. బస్సు ఆలస్యంగా రావడంలో వింతేముందని ఎవరో అన్నారు. అందరూ నవ్వారు, డ్రైవర్ కూడా నవ్వాడు. ఇరవై నిమిషాలు తక్కువ ఆడితే సరి, దానికేముంది అంటూ అక్క గ్లవ్స్ తొడుక్కుంది. వ్యవహారం అక్కడితో తెగిపోయే ప్రమాదం ఏర్పడింది.

లీగు అధ్యక్షులవారు సమయానికి అడ్డుపడ్డారు కాబట్టి సరిపోయింది. ఆయన రిటైరైన లెక్కల మాస్టారు. ఇవాళ ఇరవై అంటే రేపు నలభై అంటారు, దీనికో నియమం ఉండాలన్నారు. ఆయన చూపు మైదానమంతా తిరిగి, గీత అవతల బెంచీ మీద కూర్చున్న నా మీద ఆగింది.

ఆ మధ్యాహ్నానికే రాసిచ్చాను. పది నిమిషాలు దాటి వచ్చిన జట్టు ఓడినట్టే. ఒకే ఒక్క వాక్యం. కానీ నియమం ఒంటరిగా బతకలేదు కదా! పది నిమిషాలంటే ఎవరి వాచీ ప్రకారం? అధికారిక గడియారం కావాలి. అది ఎవరి దగ్గర ఉండాలి? సమయపాలకుడు కావాలి. సమయపాలకుడే ఆలస్యంగా వస్తే? అప్పుడు సమయం ఇంకా మొదలు కానట్టు లెక్క. కాబట్టి జట్లు రెండూ మరీ ముందుగా వచ్చినట్టు. ముందుగా రావడం కూడా తప్పే, దానికి వేరే పేజీ.

ఇలా ఆ ఒక్క వాక్యం కాపురం పెట్టి, పిల్లాజెల్లాతో ఎనభై నాలుగు పేజీలైంది.

వాటి వల్ల ఎన్ని మేళ్ళు జరిగాయో చూడండి. కర్రల తనిఖీనే తీసుకోండి. వల మరీ లోతుగా ఉంటే బంతి అందులోంచి జారదు, అది అన్యాయం. అందుకని మ్యాచ్‌కు ముందు ప్రతి వలలో బంతి పెట్టి, పక్కనుంచి చూసి, టేపుతో కొలవాలన్నాను. కర్రకు నాలుగు నిమిషాలు. రెండు జట్లకూ కలిపి ఇరవై కర్రలు. మైదానం మాకిచ్చేది గంటంబావు. మొదటి ఆదివారం పంతొమ్మిదో కర్ర కొలవడం మొదలుపెట్టామో లేదో, వాకింగ్ క్లబ్బువాళ్ళు వచ్చి మమ్మల్ని గేటు బయటికి పంపేశారు. ఉభయ జట్లూ సమానంగా ఆడినట్టు ప్రకటించాం. అంత న్యాయమైన ఫలితం మీరు ఏ ఆటలోనైనా చూశారా?

వాన నియమం సంగతి చెప్పనే లేదు. వాన పడితే మ్యాచ్ రద్దు. పడిందో లేదో తేల్చే అధికారం అధ్యక్షులవారిది. ఆదివారం ఉదయం ఆరింటికి ఆయన కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి చూస్తారు. తడిస్తే రద్దు. ఆయన పై ఇంటావిడ ఉదయం ఆరింటికే బాల్కనీలో పూలకుండీలకు నీళ్ళు పోస్తుందన్న సంగతి మాకు నాలుగు మ్యాచ్‌లు రద్దయ్యాక గానీ తెలియలేదు. ఆ నాలుగు ఆదివారాలూ మైదానంలో ఎండ మండిపోయింది. అయితే మాత్రం? చెయ్యి తడిసిన మాట నిజమే కదా!

ఇక జట్టు జాబితా. ఆదివారం ఎవరెవరు ఆడతారో గురువారం సాయంత్రం ఐదింటిలోగా ఫారం నింపి, మూడు ప్రతులు నాకు ఇవ్వాలి. ఇందులో ఏం కష్టముంది? డ్రైవర్ జట్టు మాత్రం ఒకసారి కాదు, వరసగా మూడుసార్లు ఈ నియమం మీదే ఓడిపోయింది. మూడోసారి అతను యూనిఫారంలోనే మా ఆఫీసుకు వచ్చాడు. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"సార్, మా డిపోలో డ్యూటీ చార్ట్ వేసేది శుక్రవారం. ఆదివారం ఎవరికి సెలవో, ఎవరికి డ్యూటీయో గురువారం నాటికి నాకే తెలీదు. నేనేం రాయాలి?"

న్యాయమైన ఇబ్బందే. అలాంటివాళ్ళ కోసమే మినహాయింపు ఫారం ఉందని, దాన్ని బుధవారంలోగా ఇవ్వాలని మర్యాదగానే చెప్పాను. అతను ఆ ఫారం తీసుకుని, నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. థాంక్స్ సార్ అని వెళ్ళిపోయాడు. ఆ థాంక్స్ ఎందుకు చెప్పాడో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

అలా అలా ఫైనల్ దగ్గర పడింది. నియమావళికి అసలు పరీక్ష అప్పుడే ఎదురైంది. ఫైనల్ ఆడాలంటే ఆ ఆటగాడు సీజన్‌లో కనీసం మూడు మ్యాచ్‌లు మైదానంలో దిగి ఆడి ఉండాలని అరవై ఒకటో నియమం. జరిగినవి మొత్తం నాలుగు. ఏ జట్టూ రెండుకు మించి ఆడలేదు. అంటే ఆరు జట్లలో ఫైనల్ ఆడే అర్హత ఉన్న మనిషి ఒక్కడూ లేడు!

అధ్యక్షులవారు వేళ్ళ మీద రెండుసార్లు లెక్కపెట్టారు. రెండుసార్లూ సున్నాయే వచ్చింది. ఆయన ముఖంలో ఆ సంతృప్తి చూడాల్సిందే. ఫైనల్ నిరవధిక వాయిదా అని తీర్మానించి, కప్పును బీరువాలో పెట్టి తాళం వేశాం.

ఆ శనివారం సాయంత్రం అక్క మా వాటాకు వచ్చింది. మేమిద్దరం ఒకే ఇంట్లో ఉంటాం, తను కింద, నేను పైన. చేతిలో నా నియమావళి ఉంది. నిజం చెప్పొద్దూ, నాకు సంతోషం వేసింది. నేను రాసినదాన్ని మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివిన మనిషిని చూడటం నా జీవితంలో అదే మొదటిసారి.

"ఒరేయ్, ఇందులో బంతి అన్న మాట ఎన్నిసార్లు వచ్చిందో చూశావా?" అంది.

చూడలేదు. తను చూసిందట. పదకొండుసార్లు. అందులో తొమ్మిది, పోయిన బంతుల రిజిస్టరు గురించే.

తర్వాత కుర్చీలో కూర్చుని మోకాలి పట్టీ వదులు చేసుకుంది. మెట్లెక్కితే నొప్పి అంది. ఈ సీజన్‌తో ఆట ఆపెయ్యమని డాక్టర్ ఎప్పుడో చెప్పాడంది. ఆ మాట నేను వినడం అదే మొదలు. నాకెందుకు చెప్పలేదని అడిగాను.

"చెబితే దానికో ఫారం ఇస్తావని."

తర్వాత, నువ్వు ఆడటం ఎందుకు మానేశావురా అని అడిగింది. కన్వీనర్ ఆడకూడదు, డెబ్భయ్యో నియమం అన్నాను. ఆ నియమం రాసిందెవరని అడగకుండా పుస్తకం నా ఒళ్ళో పెట్టి, గోడ పట్టుకుని మెట్లు దిగి వెళ్ళిపోయింది.

పాఠకులతో దాపరికం ఎందుకు? మొదటి సీజన్‌లో నేనూ డ్రైవర్ జట్టులో ఆడాను. ఒక మ్యాచ్‌లో ఎదురుగా గోల్ ఖాళీగా ఉండగా డ్రైవర్ నాకు బంతి అందించాడు, చేతికిచ్చినంత మెల్లగా. అది నా వలకు తగిలి కింద పడింది. ఎవరూ తిట్టలేదు. ఎవరూ నవ్వలేదు. డ్రైవర్ దగ్గరికి వచ్చి, పర్లేదు సార్ అన్నాడు. తిట్టి ఉంటే మళ్ళీ ఆడేవాణ్ణేమో. ఆ పర్లేదు మాత్రం నాకు అరగలేదు. మరుసటి ఆదివారం నుంచి ఒక ఫైలు పట్టుకుని బెంచీ మీద కూర్చున్నాను. ఫైలు పట్టుకున్నవాడి వైపు ఎవరూ బంతి విసరరు. కావాలంటే ప్రయత్నించి చూడండి.

సరే, ఫైనల్ జరగాల్సిన ఆదివారం వచ్చింది. ఫైనల్ జరగదన్న నోటీసు అంటించడానికి మైదానానికి వెళ్ళాను. వెళ్ళేసరికి అక్కడ ముప్ఫైమంది పరిగెత్తుతున్నారు!

ఏ జట్టో తెలియదు. రంగురంగుల చొక్కాలు కలగాపులగమైపోయాయి. రిఫరీ లేడు. గడియారం లేదు. ఒక గోల్‌లో అక్క, మోకాలికి రెండు పట్టీలతో. ఎవరో పడ్డారు, అందరూ ఆగారు, లేపారు, మళ్ళీ పరిగెత్తారు. అన్నిటికంటే ఘోరం, ఆ గీత దగ్గర అధ్యక్షులవారు నిలబడి ఉన్నారు. స్కోరు ఎంతండీ అని అడిగాను. లెక్కపెట్టలేదయ్యా అన్నారు. లెక్కల మాస్టారు!

బెంచీ మీద కూర్చుని ఉల్లంఘనలు రాసుకోవడం మొదలుపెట్టాను. పదిహేడో నంబరు రాస్తుండగా కాగితం మీద నీడ పడింది. తలెత్తితే డ్రైవర్. చెమటలు కారుతున్నాయి. చేతిలో రెండు కర్రలు.

"మా వైపు ఒకరు తక్కువయ్యారు సార్. వస్తారా?"

జాబితాలో నా పేరు లేదన్నాను.

"మీ పేరు మాకు తెలుసు కదా," అన్నాడు.

ఇలాంటి వాదనకు ఎనభై నాలుగు పేజీల్లో ఎక్కడా సమాధానం లేదు. ఇది నియమావళిలో పెద్ద లోపం, ఒప్పుకుంటాను. ఆ లోపం వల్లే లేచి వెళ్ళాల్సి వచ్చింది.

మొదటి బంతి వదిలేశాను. రెండోది చెవి పక్కనుంచి పోయింది. ఈసారి డ్రైవర్ పర్లేదు అనలేదు. వెనక్కి ఉరకండి సార్, చూస్తారేంటి అని కసిరాడు. ఉరికాను. మూడోసారి వలలో ఏదో బరువు పడింది. చూస్తే బంతే! ఎదురుగా అక్క. నా శక్తంతా పెట్టి విసిరాను. తమ్ముడని కూడా చూడలేదు, ఒంటిచేత్తో ఆపేసింది. ఆపి, హెల్మెట్ పైకెత్తి నవ్వింది. ఆ నవ్వు చూసి ఎంత కాలమైందో నాకు గుర్తులేదు.

టీ దగ్గర అక్క ఒక సందేహం అడిగింది. ఫైనల్ జరిగేదాకా సీజన్ ముగిసినట్టు కాదు కదా అంది. నియమం ప్రకారం కాదన్నాను. ఆ మర్నాడే వెళ్ళి డాక్టర్‌కు ఆ పేజీ చూపించిందట. ఆయన తల పట్టుకుని, నొప్పి పెరగనంత వరకు, వారానికి అరగంట, పరుగు లేకుండా అని రాసిచ్చాడు. గోల్‌కీపర్‌కు పరుగెందుకు? నా నియమావళి వల్ల ఎవరికీ మేలు జరగలేదనేవాళ్ళు ఇది గమనించాలి.

ఆ రోజు జరిగినది మాత్రం ఘోరమైన నేరమే. కనీసం ఇరవై మూడు నియమాలు మంట కలిశాయి. ఆ నేరం ఇప్పటికి ఐదు ఆదివారాలుగా జరుగుతోంది. బాధ్యత గల కన్వీనర్‌గా ప్రతి వారం ఏడింటికల్లా అక్కడ హాజరవుతున్నాను, ఒక్కో ఉల్లంఘననూ రాసి పెట్టడానికే. రిపోర్టు ఏదని కొందరు అడుగుతున్నారు. ఏం చెప్పమంటారు? లాక్రాస్ కర్రను రెండు చేతులతో పట్టుకోవాలి. పెన్ను పట్టుకోవడానికి మూడో చెయ్యి దేవుడు నాకివ్వలేదు.