సోఫా ఎడమ చెయ్యి

ఆ రోజు పొద్దున్న సోఫాల మేస్త్రి వేసుకున్న పథకం చాలా చిన్నది. అందరికంటే ముందు దుకాణం తెరవాలి. వెనక గది తలుపు వేసుకోవాలి. కోత బల్ల కింద దాచిన ఫోమ్ రోలర్ తీసి దాని మీద కాసేపు దొర్లాలి. నడుము కాస్త దారికొచ్చాక, పళ్ళ డాక్టరమ్మ కొత్త క్లినిక్‌కి పెద్ద సోఫా చేరవేయాలి.

ఫోమ్ రోలర్ అంటే పెద్ద వింతేమీ కాదు. చెయ్యి చాచినంత పొడవు, పిక్కంత లావు, గట్టి ఫోమ్‌తో చేసిన నీలం రంగు దిండు. ఒంటినిండా బుడిపెలు. వాలీబాల్ ఆడే కూతురు తెచ్చిచ్చింది. "దీని మీద వెల్లకిలా పడుకుని మెల్లగా ముందుకీ వెనక్కీ జరుగు నాన్నా. నొప్పి ఉన్నచోట ఆగు, ఊపిరి వదులు. బిగుసుకున్న కండ అదే వదులుతుంది" అని దగ్గరుండి నేర్పింది. మొదట్లో మేస్త్రి దాని మీద పడుకుని పళ్ళు కొరికాడు. నెల తిరిగేసరికి అది లేనిదే వంగి చెప్పులు వేసుకోలేని స్థితికి వచ్చాడు.

ఇంత మంచి వస్తువుని బల్ల కింద పాత కర్టెనులో చుట్టి దాచుకోవలసిన ఖర్మ ఏమిటంటే, దుకాణం బోర్డు. "మా సోఫాలో కూర్చోండి. నడుమనేది ఒకటుందని మరచిపోండి" అని దాని మీద బారెడు అక్షరాలతో రాసి ఉంటుంది. రాయించినప్పుడు మేస్త్రి మంచి వయసులో ఉన్నాడు. ఆ తర్వాత ఏళ్ళ తరబడి చెక్క చట్రాల మీదికి వంగి గుడ్డ లాగీ, మేకులు కొట్టీ, వీపు మొత్తం బిగుసుకుపోయింది. ఇప్పుడు తన నడుముని క్షణం కూడా మరచిపోలేని మనిషి ఊళ్ళో ఎవరైనా ఉన్నారంటే ఆ బోర్డు కింద కూర్చున్న ఆయనే. ఈ సంగతి కూతురికి తప్ప ఎవరికీ తెలియదని ఆయన నమ్మకం.

ఆ రోజు చేరవేయాల్సిన సోఫా మామూలు సోఫా కాదు. డాక్టరమ్మ దాన్ని మచ్చుకి చేయించుకుంది. నచ్చితే కొత్త క్లినిక్‌లో మూడు గదుల పనీ వీళ్ళకే ఇస్తానంది. "పన్ను నొప్పితో వచ్చినవాళ్ళకి నేను నడుము నొప్పి అంటగట్టి పంపకూడదు మేస్త్రిగారూ" అని ముందే హెచ్చరించింది. నచ్చకపోతే మాత్రం దుకాణంలో ఇద్దరికి సరిపడా పని లేదు. మేస్త్రి బావమరిది వచ్చే నెల నుంచి రెడీమేడ్ సోఫాల గోడౌన్‌లో సామాను మోయడానికి పోవాలి. మీసం మొలవకముందే వచ్చి తన దగ్గర సూది పట్టినవాణ్ణి గోడౌన్‌కి పంపడమంటే మేస్త్రికి ప్రాణం ఉసూరుమంటోంది. ఆ మాట భార్యకి ఎలా చెప్పాలో తెలియక వారం రోజులుగా ఆవిడ ఎదురుపడితే పక్కకి తప్పుకుంటున్నాడు.

బల్ల కింద చెయ్యి పెడితే కర్టెను తగిలింది. అందులో రోలర్ లేదు. ఇంకాస్త లోపలికి వంగాడు. నడుములో ఏదో కలుక్కుమంది. "అమ్మా" అన్న కేక ఆపుకునేలోపే బయటికి వచ్చింది. దుకాణం వెనకే ఇల్లు కావడం వల్ల ఆ కేక వెనకే భార్య కూడా వచ్చింది.

"ఏమైందండీ?"

"పన్ను" అన్నాడు మేస్త్రి, చటుక్కున చెంప పట్టుకుని.

ఆవిడ చెంప మీదున్న చేతిని చూసింది. నడుం మీదున్న రెండో చేతినీ చూసింది. "ఎటూ పళ్ళ డాక్టరు దగ్గరికేగా వెళ్తున్నారు, పనిలో పనిగా చూపించుకుని రండి" అని చెప్పి లోపలికి వెళ్ళిపోయింది.

ఇంతలో బావమరిది ఈల వేసుకుంటూ వచ్చాడు. మేస్త్రి కాసేపు నీళ్ళు నమిలి, బల్ల కింద ఏమైనా చూశావా అని అడిగాడు. ఫోమ్ ముక్కలు తప్ప ఏముంటాయి బావా అన్నాడు వాడు. ఏముంటుంది, ఏమీ ఉండదు, ఊరికే అడిగానన్నాడు మేస్త్రి. వాడికి అదంతా పట్టలేదు. మొహం చేటంత చేసుకుని బావని సోఫా దగ్గరికి లాక్కెళ్ళాడు.

"నిన్న మీరు ఇంట్లోకి వెళ్ళాక ఎడమ చేతికి ఫోమ్ చాల్లేదు బావా. దొరికిన ముక్కతో సర్దేశాను. ఎవరు కోశారో గానీ, సోఫా చెయ్యి కోసమే పుట్టినట్టుంది. ఒకసారి నొక్కి చూడండి."

మేస్త్రి నొక్కాడు. గుడ్డ కింద బుడిపెలు వరసగా తగిలాయి. ఆ బుడిపెలన్నీ ఆయన వీపుకి ఒక్కొక్కటిగా తెలుసు. ఆయనకి నోట్లో పచ్చి వెలక్కాయ పడ్డట్టయింది. బావమరిదిని అనడానికీ లేదు. ఫోమ్ ముక్క కంటపడితే గుడ్డలో పెట్టి కుట్టేయకుండా ఉండలేడు వాడు. ఆ విద్య నేర్పింది తనే.

కుట్టు విప్పమంటే ఎందుకంటాడు. అది రోలర్ అంటే ఎవరిదంటాడు. చెప్పకుండా పంపిస్తే ఆ రాయిలాంటి చేతి మీద పేషెంట్లు మోచెయ్యి ఆనిస్తారు, ఆర్డరు గాలికి పోతుంది. మేస్త్రి గబగబా ఆలోచించి కత్తెర, వంకర సూది, దారం, ఒక మెత్తటి ఫోమ్ ముక్క సంచిలో వేసుకున్నాడు. సోఫా కదలకుండా పట్టుకుంటానని చెప్పి వ్యాను వెనక ఎక్కాడు. ఎప్పుడూ డ్రైవరు పక్కన కూర్చునే బావ ఇవాళ వెనక ఎందుకెక్కాడో బావమరిదికి అర్థం కాలేదు. సంచిలో కత్తెర మాత్రం కనిపించింది. తన పనిలో ఏదో తప్పు దొరికిందని వాడి గుండె జారిపోయింది. దారంతా తను వేసిన కుట్లన్నీ మనసులో లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాడు.

దారిలోనే చెయ్యి విప్పి, రోలర్ తీసి, మెత్తటి ముక్క పెట్టి కుట్టేయవచ్చని మేస్త్రి లెక్క. ఆయన ముచ్చటగా మూడు కుట్లు విప్పేసరికి వ్యాను ఒక గుంతలో దిగి లేచింది. నడుము పట్టేసింది. ఇక పైకి లేవలేడు, కిందికి కూర్చోలేడు. తేలుకుట్టిన దొంగలా నోరు మూసుకుని, ఎలా వంగాడో అలాగే క్లినిక్ చేరాడు.

వ్యాను తలుపు తీసేసరికి బావ సగానికి మడిచినట్టు నిలబడి ఉన్నాడు. బావమరిదిని చూడగానే చెయ్యి చెంప మీదికి పోయింది. ఎదురొచ్చిన డాక్టరమ్మతో బావమరిది గబగబా చెప్పేశాడు, "మా బావకి పన్ను నొప్పి మేడమ్. పొద్దున్నే అక్క చెప్పింది. పాపం, నిలబడలేకపోతున్నారు." పన్ను నొప్పికి ఇంతగా వంగిపోయిన మనిషిని ఆవిడ అంతవరకు చూడలేదు. హాల్లో వరసగా కూర్చున్న పేషెంట్లని ఆగమని చెప్పి, మేస్త్రినే ముందు లోపలికి తీసుకెళ్ళింది.

మేస్త్రి ఎంత వద్దన్నా వినలేదు. కుర్చీలో కూర్చోబెట్టి, మీట నొక్కి, వెనక్కి వాల్చేసింది. ఎటువైపు నొప్పి అంటే కుడివైపు చూపించాడు. అక్కడ ఒక్కొక్క పన్నూ తట్టి చూసింది, ఏమీ లేదు. అటు కాదండీ ఇటు అన్నాడు. ఎడమవైపూ తట్టింది. ఈ వయసులో ఇంత గట్టి పళ్ళు తను చూడలేదనీ, అయినా లోపల ఏదైనా ఉండొచ్చనీ, ఎక్సరే తీసి అవసరమైతే చివరి దంతం పీకేద్దామనీ చెప్పింది. పీకడమన్న మాట చెవిన పడగానే మేస్త్రి లేవబోయాడు. నడుము లేవలేదు. ఈసారి వచ్చిన కేక క్లినిక్ అంతా వినిపించింది.

బయట ఇద్దరు పేషెంట్లు లేచారు. తమ నొప్పి తగ్గిపోయిందని చెప్పి చెప్పులు వేసుకుని వెళ్ళిపోయారు.

"నేనింకా ఏమీ చెయ్యలేదే" అంది డాక్టరమ్మ, తెల్లబోయి.

ఇక దాచి లాభం లేదని మేస్త్రికి తెలిసిపోయింది. కుర్చీలో వెల్లకిలా, దీపం వెలుగు కళ్ళల్లో పడుతుండగా చెప్పాడు, "పన్ను కాదమ్మా. నడుము."

మేస్త్రి మొత్తం చెప్పేశాడు. బోర్డు సంగతీ, రోలర్ సంగతీ, అది ఆవిడ సోఫా ఎడమ చేతిలో ఇరుక్కున్న సంగతీ. "నా నడుము చూసి వాడి పనికి వంక పెట్టకండి డాక్టరమ్మా. వాడి కుట్టు నా కుట్టుకంటే బాగుంటుంది. పని లేదని వాణ్ణి పంపెయ్యాలంటే నా చెయ్యి విరిచినట్టే."

డాక్టరమ్మ వెళ్ళి తలుపు దగ్గరికి వేసింది. తిరిగొచ్చి గొంతు తగ్గించి అడిగింది, "ఆ రోలర్ నిజంగా పనిచేస్తుందా?"

పొద్దస్తమానం నోళ్ళలోకి వంగి వంగి ఆవిడ వీపు కూడా కొయ్యబారిపోయిందట. సాయంత్రానికి మెడ తిరగదట. ఈ సంగతి పేషెంట్లకి తెలిస్తే, పన్ను పీకే చెయ్యి జారుతుందేమోనని ఒక్కరూ గడప తొక్కరని భయమట. మేస్త్రికి అంత నొప్పిలోనూ ఆవిడ మీద ఎక్కడలేని జాలి పుట్టుకొచ్చింది.

ఆవిడ చెప్పగానే బావమరిదీ డ్రైవరూ ఎందుకో తెలియకుండానే సోఫాని డాక్టరమ్మ గదిలోకి మోసుకొచ్చి పెట్టి, బయటికి వెళ్ళారు. మేస్త్రిని కుర్చీలోంచి లేపడానికి ఆవిడ పెద్ద యుద్ధమే చేయాల్సి వచ్చింది. ముందు ఆయన సోఫా ఎడమ చేతి మీద వీపు ఆనించి మెల్లగా జరిగి చూపించాడు. మనిషి కళ్ళముందే తిన్నగా అయ్యాడు. తర్వాత ఆవిడ తెల్లకోటు విప్పి పక్కన పెట్టి, ఆ చేతి మీద వెల్లకిలా వాలింది. దగ్గరికి వేసిన తలుపు సందులోంచి బావమరిదీ, మిగిలిన పేషెంట్లూ మెడలు సాచి చూశారు. డాక్టరమ్మ పడుకుని కళ్ళు గట్టిగా మూసుకుని ఉంది. మేస్త్రి పక్కన నిలబడి ఎంతో అనునయంగా చెబుతున్నాడు, "కొంచెం నొప్పిగానే ఉంటుంది. భయపడకండి. నొప్పి ఉన్నచోట ఆగండి. ఊపిరి వదలండి. అయిపోయింది, అయిపోయింది."

టప్పుమని చప్పుడైంది.

చట్రం విరిగిందనుకున్నాడు బావమరిది. ఆర్డరు విరిగిందనుకున్నాడు. తలుపు తోసుకుని లోపలికి వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "తప్పు నాదే మేడమ్. ఆ చెయ్యి కుట్టింది నేను. మా బావకి పొద్దున్నే అనుమానం వచ్చింది, కత్తెర కూడా తెచ్చుకున్నారు. నేనే వినిపించుకోలేదు. ఏమైనా అనాలంటే నన్నే అనండి."

డాక్టరమ్మ లేచి కూర్చుంది. టప్పుమన్న మెడని కుడికి తిప్పింది, ఎడమకి తిప్పింది. చాలాకాలంగా చూడని గోడలు చూస్తున్నట్టు గది నలుమూలలూ చూసింది.

"మూడు గదుల పనీ నీదే" అంది. "హాలుకి మాత్రం రెండు చేతులూ మెత్తగా ఉన్న సోఫా చేసి పంపు. ఈ సోఫా ఈ గది దాటి వెళ్ళడానికి వీల్లేదు."

మేస్త్రి కళ్ళనీళ్ళు తుడుచుకుంటుంటే అది పన్ను పీకించుకున్న బాధేనని అర్థం చేసుకుని, పేషెంట్లలో ఇంకో ఇద్దరు లేచారు. బయల్దేరేముందు డాక్టరమ్మ మేస్త్రిని పక్కకి పిలిచి చెప్పింది. "మీ నడుము సంగతి నాకు తెలియదు. నా వీపు సంగతి మీకు తెలియదు. నొప్పి వచ్చినప్పుడల్లా వచ్చి కాసేపు వాలి వెళ్ళండి. మీ సొత్తే కదా."

ఆ అవసరం రాదనుకున్నాడు మేస్త్రి. మర్నాడే అలాంటిదే కొత్త రోలర్ కొనుక్కుని, ఈసారి బల్ల కింద కాకుండా బీరువా వెనక దాచాడు. కానీ ఇప్పుడు దుకాణంలో బావమరిది చెయ్యి తిరిగిన పనివాడు. ఎడమ చేతిలో పెట్టిన గట్టి ఫోమే తన అదృష్టమని వాడికి గట్టి నమ్మకం. బీరువా వెనక దొరికిన ముక్కని కళ్ళకద్దుకుని, ఒక పెళ్ళివారి సోఫాలో పెట్టి కుట్టేశాడు. మూడోది మంచం కింద దాస్తే అక్కా తమ్ముడూ కలిసి ఇల్లు సర్దుతూ కనిపెట్టారు. "ఇంత మంచి ఫోమ్ ఇంట్లో పెట్టుకుని, నాకు చెప్పరేం బావా" అని వాడు నొచ్చుకున్నాడు కూడా. చెప్పాలంటే బోర్డు దింపాలి. వాడి మొహంలో వెలుగు చూశాక మేస్త్రికి అదీ చేతకాలేదు.

అందుకని మేస్త్రి ఇప్పుడు వారానికి రెండుసార్లు చెంప పట్టుకుని, వంగి నడుచుకుంటూ క్లినిక్‌కి వెళ్తాడు. నిటారుగా తిరిగొస్తాడు. భార్య గుమ్మంలో నిలబడి, "ఇవాళ ఏ పన్నండీ?" అని అడుగుతుంది. కుడివైపుదో ఎడమవైపుదో, తోచిందేదో చెబుతాడు. ఆవిడ నవ్వు ఆపుకుంటూ ఆయన విడిచిన చెప్పులు తీసి, మర్నాడు వంగకుండా తొడుక్కునేలా ఎత్తుపీట మీద పెడుతుంది.

డాక్టరమ్మ మాట ప్రకారం, ఊరంతటిలోకీ నిక్షేపంగా ఉన్న పళ్ళు ఆయనవే.