నలభైన్నర డిగ్రీలు

మర్నాడే ఫిజిక్స్ పరీక్ష. వంట అత్తకు అప్పగించి, మధ్యాహ్నంలోగా ఐదు లెక్కలు చేసేయాలని సౌందర్య పొద్దున్నే నిర్ణయించుకుంది. గద్వాలకు కాపురానికి వచ్చాక ఇంటర్ ఫిజిక్స్‌తో ఆమె తలపడటం ఇది మూడోసారి. పాసైతే నర్సు ట్రైనింగుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. తప్పితే మాత్రం పుస్తకాలు అటకెక్కించేస్తానని తనకు తానే ఒట్టు వేసుకుంది. ఎందుకు వేసుకున్నానా అని నెల రోజులుగా బెంగపడుతోంది.

మొదటి లెక్కే సిలిండర్ మీద. ఇరవై ఏడు డిగ్రీల దగ్గర లోపలి పీడనం పది. పదిహేనైతే సిలిండర్ పేలుతుంది. ఏ ఉష్ణోగ్రత దగ్గర పేలుతుంది? పీడనం ఒకటిన్నర రెట్లయితే ఉష్ణోగ్రతా ఒకటిన్నర రెట్లే కదా అనుకుని గుణించింది. నలభైన్నర వచ్చింది. సరిచూసుకుందామంటే అది జవాబుల పేజీలు ఊడిపోయిన సెకండ్‌హ్యాండ్ పుస్తకం. అంతలో రేడియోలో, నిన్న మహబూబ్‌నగర్ జిల్లాలో ఎండ నలభై రెండు డిగ్రీలని చెప్పారు. సౌందర్య మెల్లగా తల తిప్పి వంటింట్లోని సిలిండర్ వైపు చూసింది.

"అత్తమ్మా, పొయ్యి బందు చెయ్యి! సిలిండర్ పేలుతది!"

"ఎవరు చెప్పిండ్రే?" అంది జంగమ్మ, గరిటె పట్టుకునే.

"లెక్క కడితే వచ్చింది!"

జంగమ్మకు అక్షరం ముక్క రాదు గానీ కోడలి చదువంటే అపారమైన గురి. సిలిండర్‌కు తడి గోనెసంచి చుట్టబెట్టి వీధిలోకి పరుగెత్తింది. "నలభైన్నర దాటితే సిలిండర్లు పేల్తయంట! మా కోడలు లెక్క కట్టింది!"

పక్కింటి అబ్దుల్ మజీద్ పాత ఇనుప సామాన్ల వ్యాపారి. "యా అల్లా, నిన్ననే నిండు సిలిండర్ తెచ్చుకున్న!" అని లబోదిబోమన్నాడు. వాళ్ల పెరట్లో పెద్ద నీళ్ల హౌజు ఉంది. అందులో వేస్తే చల్లగా ఉంటాయని ఆయన భార్య రజియాబీ సలహా ఇచ్చింది. పావుగంటలో వీధిలోని ఆరు సిలిండర్లూ హౌజులో పడ్డాయి. కానీ ఒక్కటీ మునగలేదు. పైకి తేలి, ఒకదాన్నొకటి గుద్దుకుంటూ తిరగసాగాయి.

మజీద్ మొహం మారిపోయింది. "ఇనుప సిలిండర్ నిండుగుంటే ఎట్ల తేల్తది? సగం గూడ నింపలే!"

సరిగ్గా అప్పుడే సిలిండర్లు వేసే హన్మంతు రిక్షా తొక్కుకుంటూ వచ్చాడు. పాపం, వేళాపాళా చూసుకోకుండా రావడం అంటే అదే. పదిమందీ చుట్టుముట్టారు. గ్యాస్ కాజేశావని ఒకరు, ఏజెన్సీకి పోదాం పదమని ఒకరు.

"నా నౌకరి పోతది భాయ్, నేనేం జేయలే!" అని మొత్తుకున్నాడు హన్మంతు. "అయినా పేలుడేంది? గోదాం ముందర లారీ మీద మూడొందల సిలిండర్లు మూడు దినాల సంది ఎండల ఉన్నయి. ఒక్కటన్న పేలిందా?"

సౌందర్యకు అప్పుడు తట్టింది. అవును, గద్వాల ఎండ ఏటా నలభై దాటుతూనే ఉంది కదా. ఇంట్లోకి ఉరికి పుస్తకం తిరగేసింది. మొదటి సూత్రం కిందే ఉంది: ఉష్ణోగ్రతకు రెండు వందల డెబ్బై మూడు కలపాలి. కలిపి గుణించి, మళ్లీ తీసేస్తే నూట డెబ్బై ఏడు డిగ్రీలు. గద్వాల ఎప్పటికీ అంత కాగదు. హమ్మయ్య అనుకుని ఊపిరి పీల్చుకుంది. కానీ బయట హన్మంతు చొక్కా గుండీలు తెగుతున్నాయి.

నోట్‌బుక్కుతో పరుగెత్తుకొచ్చింది. "ఆగు బాబాయ్! ముందు కాంటా మీద పెట్టి జోకు!"

మజీద్ తన సిలిండర్‌ను కాంటా మీద పెట్టాడు. ముప్పై కిలోలు. ఖాళీ బరువు పదిహేను కిలోల ఎనిమిది వందలని దాని మీదే రాసి ఉంది. మిగతా పద్నాలుగు కిలోల రెండు వందలూ గ్యాసే. చుక్క కూడా తగ్గలేదు.

"మరి ఎట్ల తేల్తది బిడ్డా?"

సౌందర్య టేపు తెప్పించి పొడవు, చుట్టుకొలత తీసింది. "నిండ మునిగితే ఇది ముప్పై ఐదు లీటర్ల నీళ్లను పక్కకు నెడ్తది బాబాయ్. ఆ నీళ్ల బరువు ముప్పై ఐదు కిలోలు. ఇదేమో ముప్పయ్యే. ఇంకెట్ల మునుగుతది?"

మజీద్ నాలుక కరుచుకుని హన్మంతు చొక్కా సవరించాడు. హన్మంతు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ ఊపులోనే సౌందర్య అసలు తప్పు కూడా ఒప్పేసుకుంది. ఎవరేమంటారోనని బిక్కుబిక్కుమంటూ నిలబడింది.

జంగమ్మ కాసేపు ఆలోచించింది. "ఒకటో రెండో అయితే మర్చిపోతరు. రెండు వందల డెబ్బై మూడు ఎట్ల మర్చిపోతివే?"

అందరూ పగలబడి నవ్వారు. భయం పోయిన తేలికలో ఎవరికీ కోపం రాలేదు. రజియాబీ ఆ సిలిండర్ మీదే అందరికీ చాయ్ పెట్టింది.

మర్నాడు పరీక్షకు బయల్దేరిన సౌందర్యను గడపగడపా "రెండొందల డెబ్బై మూడు!" అని అరిచి సాగనంపింది. తీరా చూస్తే పేపర్లో గ్యాస్ లెక్క ఒక్కటీ లేదు. నీళ్లలో తేలే వస్తువు మీద మాత్రం పెద్ద లెక్క ఒకటి వచ్చింది. సౌందర్య దాన్ని టేపూ, కాంటా కళ్ల ముందు పెట్టుకున్నట్టే చేసింది. నెల తర్వాత ఫలితాలు వచ్చాయి, పాసైంది. నర్సు ట్రైనింగు దరఖాస్తు తెచ్చిపెట్టింది హన్మంతే.

పేపరు తయారు చేసినవాడి ఇంట్లో మాత్రం గ్యాస్ కనెక్షన్ లేదని వీధివాళ్లు తీర్మానించారు.